రువాండా నరమేధంలో బతికి బయటపడ్డవారికి కోనసీమ నుంచి సాయం పంపడం ఎలా?

ఆఫ్రికా దేశమైన రువాండాలో 1994 ఏప్రిల్ 7న మొదలైన నరమేధంలో దాదాపు వంద రోజుల్లోనే 8 లక్షల మంది దాకా చనిపోయారు. ఎక్కువమంది టుట్సీ అనే తెగవాళ్లు. ఆనాడు ముప్ఫయ్యేళ్ల వయసులో భర్తనీ పిల్లల్నీ పోగొట్టుకున్న ఆడమనిషికి ఇప్పుడు అరవై దాటాయి. ఇంటి కప్పు, మందులు, రోజు గడవడం ఆమెకు నేటికీ సమస్యే. దాళ్వా డబ్బు చేతికొచ్చాక అందులో కొంత ఆమెకు చేర్చాలనుకుంటే ఇలా చేయండి.

ముందు సంస్థను చూసుకోండి. బాధితులే నడుపుకునేదైతే మేలు. నరమేధంలో భర్తల్ని కోల్పోయిన ఆడవాళ్లు 1995లో పెట్టుకున్న అవేగా అగహోజో అలాంటిదే. ఖాతా వివరాలు సంస్థ సొంత వెబ్‌సైట్‌లో చూసి, ఈమెయిల్ రాసి రూఢి చేసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన నంబరుకు పైసా వేయొద్దు.

ఏం కావాలో అడిగాకే పంపండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పాడి తెలిసిన మనకు మొదట ఆవే తడుతుంది. అక్కడ 2006 నుంచి గిరింక పథకం కింద పేద కుటుంబాలకు ఆవునిస్తున్నారు. మొదటి పెయ్యదూడను పొరుగింటికి ఇవ్వాలి. అయితే పశువుల్ని బయట మేపనివ్వరు. కొట్టంలోనే కట్టి, గడ్డి కోసుకొచ్చి వేయాలి. పాడావుకు రోజూ పాతిక ముప్ఫై కిలోల పచ్చిగడ్డి మోయడమంటే ఏమిటో మన రైతులకు వేరే చెప్పక్కర్లేదు. భుజం మీద కత్తివేటు పడ్డ ఒంటరి ముసలావిడ ఆ మోపు ఎత్తలేదు. మేత చాలక పాలు తగ్గుతాయి, చివరికి ఆవును అమ్ముకోవాల్సి వస్తుంది. ఇంట్లో వయసు పిల్లలుంటేనే ఆవు. లేకపోతే కోళ్లు, పెరటి కూరగాయలు, ఏటా కట్టే ఆరోగ్య బీమా చందా నయం. పాత చీరల మూటలు అసలే వద్దు: వాడిన బట్టలపై సుంకాన్ని 2016లో కిలోకు 0.20 డాలర్ల నుంచి 2.50 డాలర్లకు పెంచారు.

విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పద్ధతి వ్యక్తులకే. డ్వాక్రా సంఘం పేరున కుదరదు. అందరి దగ్గరా పోగేసి ఒకరి ఖాతా నుంచి పంపడమూ తప్పే, ఎందుకంటే ఆ డబ్బు తనదేనని ఆ మనిషి సంతకం పెట్టాలి. చిన్న మొత్తమైతే ఎవరికి వారే కార్డుతో కట్టండి. ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయకపోతే చెల్లింపు తిరిగొస్తుంది. పెద్ద మొత్తమైతే బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపే ఏ2 ఫారం నింపండి: పాన్, సంస్థ పేరు, ఖాతా నంబరు, వాళ్ల బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్, డబ్బు విరాళమని తెలిపే పర్పస్ కోడ్ ఎస్1303. ఛార్జీల దగ్గర ‘అవర్’ (ఛార్జీలన్నీ పంపేవారివే) అని టిక్ పెట్టకపోతే దారిలో బ్యాంకులు కోసుకుని తక్కువ చేరుతుంది. బ్యాంకు ద్వారా నెలకు వెయ్యి చొప్పున పంపితే చాలావరకు ఛార్జీలకే పోతుంది, ఏడాదికోసారి పంపండి. ఈ విరాళానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు.

ఉత్తరం రాసేటప్పుడు ‘అప్పుడేం జరిగింది’ అని అడగొద్దు. అంతర్యుద్ధం అనే మాట వాడొద్దు, అది నరమేధాన్ని తక్కువ చేసినట్టవుతుంది; వాళ్లకది మానని గాయం. ఫ్లెక్సీ పట్టుకుని ఫొటో దిగమనొద్దు. ఏప్రిల్ 7 నుంచి సంతాప వారం; నరమేధం సాగిన ఆ వంద రోజులూ చాలామందికి నిద్ర ఉండదు, కాబట్టి రసీదులూ లెక్కలూ జూలై దాటాక అడగండి. మీ ఊరి గురించి, కాలువ గురించి, ఈసారి పంట గురించి నాలుగు ముక్కలు రాయండి. దాన్ని వాళ్ల భాష కిన్యర్వాండాలో చదివి వినిపించేవాళ్లు ఉన్నారో లేదో సంస్థను ముందే కనుక్కోండి.