నడుము ఎమ్మారై రిపోర్టును ఎలా చదవాలి
‘డిస్క్ బల్జ్’ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటి డిస్కు ఉబ్బడం), ‘డెసికేషన్’ (ఆ డిస్కులో నీరు తగ్గడం) అన్న మాటలు చూసి బెంబేలు పడనక్కర్లేదు. వయసుతో డిస్కులో నీరు తగ్గడం జుట్టు నెరవడం లాంటిదే కనుక, నొప్పి ఎరుగని వారి స్కానులోనూ అవి కనిపిస్తాయి. చూడవలసింది నరం నొక్కుకుందా, అది నొప్పి ఉన్న వైపేనా అన్నది. ఎల్4-ఎల్5 (నడుములోని నాలుగో, అయిదో వెన్నుపూసల మధ్య) దగ్గర కుడి ఎల్5 నరం ఒత్తుకుందని రాసి ఉండి, మీకు కుడి పిరుదు నుంచి పిక్క వెలుపలి పక్కగా బొటనవేలి దాకా లాగుతుంటే రెండూ సరిపోయినట్టే. లాగేది ఎడమకాలైతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇలాంటి నొప్పి చాలామందికి మందులు, ఫిజియోథెరపీ, నడకతో 6 నుంచి 12 వారాల్లో తగ్గుతుంది. మంచానికే అతుక్కుపోవడం మేలు చేయదు. తగ్గకపోతే ఇంజెక్షను, ఆపరేషను గురించి అప్పుడు ఆలోచించవచ్చు. అయితే మూత్రం రాకపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం వేలాడి చెప్పు జారిపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.