పిస్టల్ పాఠాలు – 2: తూటాల్లేని తొలిరోజు

పోయిన పాఠంలో ఫారం 4473 (అమెరికాలో తుపాకీ కొనేటప్పుడు షాపులో నింపే ఫెడరల్ ఫారం) నింపడం, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాకా వచ్చాం. ఇప్పుడు పిస్టల్ ఇంటికొచ్చింది. ఈ పాఠాలకి నేను వాడుతున్నది టెక్సాస్‌లో కొన్న గ్లాక్ 17, ఐదో జనరేషన్. ఇండియాలో ఉండి చదివేవాళ్లకి ఇది తెలుసుకోవడానికి మాత్రమే, ఎందుకంటే ఇది 9 ఎంఎం తూటాల పిస్టల్, ఆ బోరు (గొట్టం లోపలి కొలత) అక్కడ పౌరులకి నిషిద్ధం. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు కూడా ఫ్రెండ్ కొన్నాడు కదా అని షాపుకి పరిగెత్తకండి. కొన్ని మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం మీకు ఒప్పుకోదు.

ఈరోజు పాఠానికి ఒక్క షరతు. పిస్టల్ ఉన్న గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. కొన్న తూటాల డబ్బాలు పక్క గదిలో పెట్టి తాళం వేసి రండి.

పిస్టల్ డబ్బా తెరవగానే చేయాల్సింది ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం కాదు, ఖాళీగా ఉందో లేదో చూడటం. షాపువాడు చూపించినా సరే, మళ్లీ చూడాలి. వేలు ట్రిగ్గర్ మీద కాకుండా పక్కన ఫ్రేమ్ (పిడితో కలిసున్న కింది భాగం) మీద చాచి ఉంచండి, గొట్టం మనుషులు లేని వైపు ఉండాలి (అపార్ట్‌మెంట్ అయితే గోడ అవతల ఎవరున్నారో కూడా ఆలోచించాలి). ముందు మ్యాగజైన్ (పిడిలో దూరే తూటాల పెట్టె) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగాలి. ఈ వరస తిరగబడితే, అంటే లోపల నిండిన మ్యాగజైన్ ఉండగా ముందు స్లైడ్ లాగితే, ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) ఉన్న తూటా బయటపడుతుంది, స్లైడ్ ముందుకెళ్తూ ఇంకోటి లోపలికి నెట్టేస్తుంది, మీరేమో ఖాళీ అయిపోయిందని మ్యాగజైన్ తీసి పక్కన పెడతారు. స్లైడ్ వెనకే ఆగేలా లాక్ చేసి, ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఇంతే.

ఇప్పుడు చేతిలో పట్టుకుని చూడండి. ఫ్రేమ్ పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) కాబట్టి మొదట బొమ్మ తుపాకీలా అనిపిస్తుంది. ఖాళీ మ్యాగజైన్‌తో సుమారు 700 గ్రాములు, 17 తూటాలూ నింపితే 900 దాటుతుంది. న్యూజెర్సీ వాళ్లకి మాత్రం పది తూటాల మ్యాగజైనే. అందంగా ఉండదు, ఒప్పుకోవాల్సిందే. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్నప్పటి నుంచి దీన్ని ఇటుకరాయి అని వెక్కిరించినవాళ్లు చాలామంది. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి చిన్న పిస్టల్ కంటే ఫుల్ సైజే నయం అని నా గట్టి అభిప్రాయం: పిడి మీద చిటికెన వేలితో సహా అన్ని వేళ్లూ ఆనుతాయి, బరువు వల్ల కుదుపు తగ్గుతుంది. జేబులో పట్టే బుల్లి పిస్టల్ చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, కాల్చినప్పుడే తెలుస్తుంది దాని సంగతి.

బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ పిడిపైన వీలైనంత ఎత్తులో ఆనాలి. పట్టు వదులుగా ఉంటే డబ్బాలో వచ్చిన అదనపు వెనక ముక్కల్లో ఒకటి తగిలించి చూడండి. రెండో చేతి బొటనవేలు స్లైడ్ వెనక అడ్డంగా పోకూడదు. సినిమాల్లో చూసి అలా పట్టుకుంటారు, కాల్చినప్పుడు స్లైడ్ వెనక్కొచ్చి చర్మం కోసేస్తుంది. కొత్త స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, స్లైడ్ రావట్లేదని టెన్షన్ పడొద్దు. ఒక చేత్తో లాగడమే కాదు, అదే సమయంలో రెండో చేత్తో పిడిని ముందుకి తోయండి.

అసలు విషయం ట్రిగ్గర్. దీనికి బొటనవేలితో వేసే సేఫ్టీ మీట లేదు. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి పలక ఒకటి ఉంటుంది, అది నొక్కితేనే ట్రిగ్గర్ కదులుతుంది; పొరపాటున కింద పడితే పేలకుండా లోపల ఇంకో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. కానీ మీ వేలు నొక్కితే ఆపేది ఏదీ లేదు. అందుకే వేలు ఫ్రేమ్ మీద ఉంచమని అంతగా చెప్పాను. ఖాళీ అని మళ్లీ చూసుకుని, స్లైడ్ ముందుకి వదిలి, మెల్లగా నొక్కండి: కాసేపు తేలిగ్గా వెళ్తుంది, తర్వాత గోడ తగిలినట్టు ఆగుతుంది, ఇంకాస్త ఒత్తితే టక్‌మంటుంది. వేలు తీయకుండా స్లైడ్ ఒకసారి లాగి వదిలి, ట్రిగ్గర్‌ని కొద్దికొద్దిగా వదలండి, సగంలో చిన్న క్లిక్ వినిపిస్తుంది. రేంజ్‌లో (కాల్పులు ప్రాక్టీస్ చేసే చోట) రెండో తూటా అక్కడి నుంచే మొదలవుతుంది. గ్లాక్‌ని శుభ్రం చేయడానికి విప్పాలన్నా ముందు ట్రిగ్గర్ నొక్కాలి కాబట్టి, ఖాళీ చూడటం అలవాటు కాకముందు విప్పొద్దు. స్లైడ్ లోపల రాగిరంగు గ్రీజు కనిపిస్తే తుడవకండి, ఫ్యాక్టరీలోనే పెడతారు.

అయిపోయాక తాళంలోకి. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి అందేలా నిండిన తుపాకీ వదిలేస్తే పెద్దవాళ్ల మీదే కేసు. ఈ వారం రోజూ పది నిమిషాలు ఖాళీ చూడటం, పట్టు, ట్రిగ్గర్ అభ్యాసం చేయండి. వచ్చే పాఠంలో రేంజ్‌కి వెళ్దాం. చెవులకి మఫ్స్, కళ్లద్దాలు ఇప్పుడే కొనిపెట్టుకోండి, అక్కడ అద్దెకిచ్చేవి చెమట వాసనొస్తాయి.