సీబీటీ నేర్చుకుందాం – 3వ పాఠం: మనసులో మాటకు సాక్ష్యం ఉందా?

సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ: మన ఆలోచనలను, చేసే పనులను పరిశీలించి మనసు బరువు తగ్గించుకునే చికిత్స. పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? మనసు బరువెక్కినప్పుడు తలలో మెదిలిన మాటను ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో రాయమన్నాను. "బాధేసింది" అని రాస్తే సరిపోదు. ఆ బాధకు ముందు వచ్చిన మాట కావాలి. 1960లలో ఫిలడెల్ఫియాలో డాక్టర్ ఆరన్ బెక్ డిప్రెషన్ ఉన్నవాళ్లతో మాట్లాడుతూ పట్టుకున్నది దీన్నే. పైకి ఒకటి చెబుతుంటే, లోపల ఇంకో మాట దానంతటదే నడుస్తుంటుంది. అది ఎప్పుడూ వినేదే కాబట్టి నిజమనుకుంటాం.

మా చిన్నబాపు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోతే, జెండా పాట (ఆ రోజు యార్డులో పలికిన పై ధర) కంటే క్వింటాలుకు రెండు వేలు తక్కువ పడింది. ఇంటికొచ్చి అన్నం వద్దని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మెల్లగా అడిగితే "నాకు ఎవుసం శాతగాదురా" అన్నాడు. ఆ మాటను ఎంత నమ్ముతున్నావంటే, నూటికి తొంభై అన్నాడు.

పేజీ మధ్యలో గీత గీశాం. ఎడమవైపు ఆ మాటకు సాక్ష్యం, కుడివైపు ఎదురు సాక్ష్యం. పంచాయితీలో పెద్దమనుషుల ముందు నిలబడే మాటే రాయాలన్నాను. "అందరూ నవ్వుకుంటున్నరు" అన్నాడు. ఎవరు నవ్వారు? పేరు చెప్పలేకపోయాడు, కొట్టేశాం. "కాయ మంచిగ ఆరకముందే తెచ్చిన" అన్నాడు. ఇది నిలబడింది, రాశాం. కుడివైపు: జెండా పాట ఆ రోజు మేలైన సరుకుకు పలికిన ధర, యార్డులో చాలామందికి అంతకంటే తక్కువే పడుతుంది. నిరుడు ఇదే చెలకలో తాలు (రంగు పోయిన నాసి కాయ) పెద్దగా రాలేదు.

రెండు వైపులా చదివి కొత్త మాట రాసుకున్నాడు: "ఈసారి తొందరపడ్డ, పైసలు పోయినయ్. ఎవుసం రాకపోవుడు వేరే." తొంభై నలభైకి దిగింది. సున్నాకు రానక్కర్లేదు. పోయిన డబ్బు పోయినట్టే, "అంతా మన మంచికే" అనుకోమని సీబీటీ చెప్పదు. నాకు ఇందులో నచ్చేది అదే.

ఈ వారం మీరూ ఒక్క మాటకు ఒక్క పేజీ రాయండి. మనసులోనే చేద్దామనుకోకండి, తిరిగిన చోటే తిరుగుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం నోట్‌బుక్ పక్కనపెట్టి ఇంట్లోవాళ్లకు చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చిన్నబాపు మిగిలిన కాయను మళ్లీ కల్లంలో ఆరబోశాడు. ఈసారి మార్కెట్‌లో ఏం జరుగుతుందని భయపడుతున్నాడో ముందే రాసి పెట్టమన్నాను. ఆ కాగితాన్ని, జరిగినదాన్ని పక్కపక్కన పెట్టి చూడటం వచ్చే పాఠంలో.