యాచ్ (విహార నౌక) మీద డెక్‌హ్యాండ్‌గా, అంటే డెక్ పనులు చేసే కుర్రాడిగా చేరడం ఎలా? చేరాక సీ టైమ్ (సముద్రంలో చేసిన సర్వీసు రోజుల లెక్క) పోగొట్టుకోకుండా పైకి రావడం ఎలా?

ముందు కళ్ల పరీక్ష, తర్వాతే కోర్సు. ఈ వరస తిప్పేసి డబ్బు పోగొట్టుకున్న కుర్రాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది కాబట్టి ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నా. మధ్యధరాలో తిరిగే పెద్ద యాచ్‌ల మీద పని కావాలంటే బ్రిటన్ సముద్ర భద్రతా సంస్థ ఎంసీఏ గుర్తించిన డాక్టరు ఇచ్చే ఈఎన్‌జీ 1 మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు, అది రెండేళ్లు చెల్లుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాడిని రాత్రిపూట లుకౌట్‌కి, అంటే ఎదురొచ్చే ఓడల దీపాలు కనిపెట్టే పనికి పెట్టరు. డెక్ మీద ఎదగాలనుకునేవాడికి దారి అక్కడితో మూసుకుపోయినట్టే. ఈ సంగతి కోర్సు ఫీజు కట్టాక తెలిస్తే ఏం లాభం?

కోర్సంటే ఎస్టీసీడబ్ల్యూ (ఓడ సిబ్బంది శిక్షణకు అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం చేసే బేసిక్ సేఫ్టీ. మంటలార్పడం, నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, ఫస్ట్ ఎయిడ్, ఓడ మీద భద్రంగా మెలగడం, దానితో పాటు సెక్యూరిటీ అవేర్‌నెస్. కొద్ది రోజుల్లో అయిపోతుంది, మామూలుగా ఎవరూ ఫెయిలవరు. అదే ఊపులో పవర్‌బోట్ లెవెల్ 2 కూడా చేసేయండి, టెండర్ (యాచ్‌తో ఉండే చిన్న బోటు) నడపడం వచ్చినవాడిని ముందు పిలుస్తారు. సీవీ ఒకటే పేజీ. తెల్ల పోలో చొక్కాలో నవ్వుతూ దిగిన ఫొటో పెట్టండి, పెళ్లి ఫొటోలోంచి కత్తిరించింది వద్దు.

ఇక వీసా. దక్షిణాఫ్రికా వాళ్లో, ఇంగ్లిష్ వాళ్లో పెట్టిన వీడియోలు చూసి ఫ్రాన్స్‌లో ఆంటీబ్‌కో స్పెయిన్‌లో పాల్మాకో టికెట్ కొనకండి. వాళ్లు చేసేది డాక్‌వాకింగ్, అంటే పొద్దున్నే పోర్టుకెళ్లి ఒక్కో యాచ్ ముందు నిలబడి పనుందా అని అడగడం. మనకది కుదరదు. షెంగెన్ (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే) టూరిస్ట్ వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం. 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు, పట్టుబడితే తర్వాతి వీసాలకు కూడా ఎసరు. మన పాస్‌పోర్ట్‌తో సరైన దారి ఒకటే: ముందు కాంట్రాక్ట్, దాన్ని చూపించి వీసా. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు ఇండోస్ నంబరు (సీమన్ గుర్తింపు నంబరు), సీడీసీ (సీమన్ సర్వీసు పుస్తకం) తీసుకుని, ఆర్పీఎస్ఎల్, అంటే సీమన్లను ఉద్యోగాల్లో పెట్టడానికి డీజీ షిప్పింగ్ ఇచ్చే లైసెన్స్, ఉన్న ఏజెంట్ ద్వారానే వెళ్లండి. ఉద్యోగం ఇప్పిస్తామని సీమన్ దగ్గర డబ్బు తీసుకోకూడదని ఎంఎల్‌సీ 2006 అనే సీమన్ల హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది, ఇండియా కూడా దానికి ఒప్పుకున్న దేశమే. లక్షలు అడిగేవాడు ఏజెంట్ కాదు, ఆ ఫోన్ పెట్టేయండి.

మొదటి యాచ్ 30 నుంచి 50 మీటర్ల మధ్యదే ఎంచుకోండి. 80 మీటర్ల దాని మీద చేరితే మీకొచ్చేది ఒక గుడ్డ, ఒక బకెట్టు, ఒక రెయిలింగు. చిన్నదాని మీద లంగరు వేయడం, తాళ్లు కట్టడం, టెండర్ దించడం అన్నిట్లో చేయి పెట్టనిస్తారు. దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి వాళ్లది.

మొదటి వారం మీరు చేసేదంతా వాష్‌డౌనే, అంటే యాచ్ కడగడమే. పైనుంచి కిందికి కడగాలి, ఎండ నీళ్లను పీల్చేలోపు ఆరబెట్టాలి. షామీని (నీళ్లు పీల్చే మెత్తటి తుడుపు గుడ్డ) పిండి, రెండు మూలలు పట్టుకుని పరిచినట్టు వేసి మెల్లగా మీ వైపు లాగండి. కొత్తవాళ్లు దాన్ని ఇంట్లో టేబుల్ తుడిచినట్టు గుండ్రంగా రుద్దుతారు, పది నిమిషాలకు ఎండ పడగానే పెయింట్ మీద ఆ గుండ్రాలన్నీ తేలతాయి, బోసన్ (డెక్ కుర్రాళ్ల మేస్త్రీ) మళ్లీ మొదట్నుంచి చేయిస్తాడు. టేకు డెక్‌ని చెక్క పోగు గీతలకు అడ్డంగానే తోమాలి. గీతల వెంట తోమితే మెత్తటి చెక్క లేచిపోయి డెక్ మీద గాడులు పడతాయి.

ఇదంతా నెలలో వచ్చేస్తుంది. నిజంగా తలనొప్పి సీ టైమ్. ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి.

మర్చంట్ షిప్పుల నుంచి వచ్చిన మనవాళ్లే దీంట్లో ఎక్కువ దెబ్బ తింటారు. ఉద్దానం వైపు నుంచి ఓడలెక్కినవాళ్లకు సైన్ ఆన్, సైన్ ఆఫ్ (ఓడ ఎక్కిన, దిగిన) ముద్రలు సీడీసీలో వాటంతటవే పడటం అలవాటు. యాచ్ మీద, అందులోనూ ఒకే ఓనరు వాడుకునే ప్రైవేట్ యాచ్ మీద, మీ రోజులు ఎవరూ లెక్కపెట్టరు. కెప్టెన్ మంచివాడే అయుండొచ్చు, కానీ ఆయన తలనొప్పులు ఆయనకుంటాయి. టెస్టిమోనియల్ (సర్వీసు రోజులు ధ్రువీకరించే కాగితం) మీరే రాసుకుని వెళ్లి సంతకం అడగాలి.

పైగా యాచ్ మీద ఉన్న ప్రతి రోజూ సముద్రం రోజు కాదు. ఎంసీఏ లెక్కలో 24 గంటల్లో కనీసం 4 గంటలు ఇంజిన్ల మీద నడిస్తేనే సీ డే. 12 నాట్ల (గంటకు 12 నాటికల్ మైళ్ల) వేగంతో ఆంటీబ్ నుంచి సాన్‌ట్రోపేకి మూడు గంటల లోపే వెళ్లిపోతారు, అంతటితో ఆగితే ఆ రోజు సున్నా. అదే కోర్సికా దీవిలో కల్వీకి వెళ్తే ఏడెనిమిది గంటలు, ఒక రోజు ఖాతాలో పడుతుంది. ప్రయాణం అయ్యాక ఓనరు కోసం సిద్ధంగా ఎదురుచూసే రోజులు స్టాండ్‌బై. ఒకసారికి 14 రోజులకు మించి రాయకూడదు, అది కూడా ముందు చేసిన ప్రయాణం కంటే ఎక్కువ ఉండకూడదు. అంటే 5 రోజులు తిరిగి 12 రోజులు రేవులో ఉంటే స్టాండ్‌బై 5 రోజులే. 12 రాశారంటే తప్పు. యార్డులో రిపేర్లకు నిలబెట్టిన రోజుల లెక్క మళ్లీ వేరు, దానికి 90 రోజుల హద్దు ఉంది. ఈ మూడూ కలిపి ఒకే అంకె వేసుకుని వెళ్తే సరిచూసేవాళ్లు కాగితం తిప్పి పంపుతారు. నాలుగు రోజులు పెంచి రాయడం ఇంకా తెలివితక్కువ పని. యాచ్ లాగ్‌బుక్కులో ప్రతి కదలికా ఉంటుంది.

నా సంగతి చెప్తా. నా రెండో యాచ్ మీద ఏడు నెలలు చేశాను. సీజన్ అయ్యాక అడుగుదాంలే అనుకున్నా. సెప్టెంబరులో పాల్మాలో ఒక ఉదయం టిఫిన్ వేళకు కెప్టెన్ సూట్‌కేసుతో గ్యాంగ్‌వే దిగుతున్నాడు, ఓనరు తీసేశాడు. నెల తిరక్కుండా యాచ్ అమ్మేశారు, పేరు మారింది, మేనేజ్‌మెంట్ మారింది. కెప్టెన్‌కి పదకొండు మెయిళ్లు పెట్టా, ఒక్కదానికీ జవాబు లేదు. ఆ ఏడు నెలలు ఈరోజుకీ నా లెక్కలో లేవు.

అందుకని మూడు నెలలకోసారి సంతకం తీసుకోండి, కెప్టెన్ మారుతున్నాడని గాలివార్త వచ్చినా వెంటనే తీసుకోండి. కాగితంలో యాచ్ పేరు, అఫీషియల్ నంబరు, పొడవు, టన్నేజీ, మీ హోదా, తేదీలు, విడివిడిగా రోజులు ఉండాలి. కెప్టెన్ సంతకం పక్కన ఆయన సర్టిఫికెట్ నంబరు, యాచ్ ముద్ర కూడా ఉండాలి. ముద్ర తర్వాత వేస్తానంటే అక్కడే నిలబడండి. మొహమాటపడితే నష్టపోయేది మీరే. స్కాన్ చేసి ఇంట్లోవాళ్లకు కూడా ఒక కాపీ పంపండి.

రోజువారీ లెక్కకు యాప్‌లు ఉన్నాయి. నేను రూళ్ల నోట్‌బుక్కే వాడతాను, మీరూ అదే వాడండి. ఫెండర్ (యాచ్ పక్కన రాపిడి తగలకుండా వేలాడదీసే బుడ్డ) కడుతుంటే నా ఫోన్ నీళ్లలో పడింది, నోట్‌బుక్కు బంకులోనే ఉంది. లంగరు ఎత్తిన టైము, లంగరు వేసిన టైము ఆ రాత్రే నీలం ఇంకుతో రాయాలి, వారానికోసారి అంటే వారమంతా కలగాపులగం అయిపోతుంది.

రోజులు పక్కాగా ఉంటే పైమెట్లు పెద్ద కష్టం కాదు. డెక్‌హ్యాండ్ నుంచి లీడ్ డెక్‌హ్యాండ్, తర్వాత బోసన్. మధ్యలో యాచ్‌మాస్టర్ ఆఫ్‌షోర్ అనే సర్టిఫికెట్, దానికి 50 రోజులు, 2500 నాటికల్ మైళ్లు కావాలి. ఆ తర్వాత 3000 జీటీ (గ్రాస్ టన్నేజీ) లోపు యాచ్‌లకు ఆఫీసర్ ఆఫ్ ది వాచ్ (వంతులవారీగా యాచ్ నడిపే బాధ్యత చూసే ఆఫీసరు), అక్కడ 36 నెలల యాచ్ సర్వీసు చూపించాలి, అందులో సముద్రం రోజులకు మళ్లీ వేరే లెక్క. ఆఖర్న చీఫ్ ఆఫీసర్, కెప్టెన్. బోసన్ అయ్యేదాకా పరీక్షల టెన్షన్ పెట్టుకోకండి, తాళ్లు, పెయింటు, మనుషులతో నడుచుకోవడం నేర్చుకోండి.

యాచ్ మారేటప్పుడు మాత్రం వరస ఇది: ముందు సంతకం, తర్వాత ముద్ర, తర్వాత స్కాన్, ఆ తర్వాతే బ్యాగు సర్దడం.