గోళ్లు ఆరోగ్యంగా ఉండాలంటే ఏం చేయాలి?

ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకుని ఓసారి గుర్తు తెచ్చుకోండి. నెల తిరిగేసరికి గోరు మొదట్లో రంగు లేని సన్నటి నెలవంక కనిపిస్తుంది, దసరాకి ఎరుపు సగం పైకి వెళ్లిపోతుంది, సంక్రాంతి నాటికి దాదాపు అంతా కత్తిరించేసి ఉంటాం. చేతి గోరు నెలకి 3 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది మరి. కాలి గోరు ఇంకా నిదానం, బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కాబట్టి గోళ్ల విషయంలో ఓపిక కావాలి.

ముందు నీళ్ల సంగతి చూసుకోండి. మా అమ్మ పొద్దస్తమానం గిన్నెలు, బట్టలు, కూరగాయలు అంటూ నీళ్లలోనే చేతులు పెట్టేది. ఓ వానాకాలం కుడి చూపుడువేలు గోరు పక్కన ఎర్రగా ఉబ్బి, రాత్రంతా సలుపు. గోరుచుట్టు. అందరిలాగే నిమ్మకాయకి బొక్క చేసి వేలికి తొడిగాం, రెండో రోజుకి చీము పట్టింది, చివరికి డాక్టర్ దగ్గర గాటు పెట్టించాల్సి వచ్చింది. గోరు మొదట్లో అంటుకుని ఉండే పల్చటి చర్మం ఉంది చూశారా, అది లోపలికి నీరు, క్రిములు పోకుండా ఆపే సీలు లాంటిది. రోజంతా నానితే అది వదులైపోతుంది. అందుకే గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు గ్లౌజులు వేసుకోండి, పని అవగానే వేళ్ల సందులు కూడా తుడుచుకుని, రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రెండు చుక్కలు గోళ్ల చుట్టూ రాయండి. ఆ చర్మాన్ని వెనక్కి నెట్టడం, కత్తిరించడం మాత్రం వద్దు, పార్లర్‌లో చేస్తామన్నా వద్దనే చెప్పండి. పక్కన తోలు లేస్తే పీకకుండా నెయిల్ కట్టర్‌తో కత్తిరించండి.

ఇక కత్తిరించడం. స్నానం అయ్యాక గోరు మెత్తబడుతుంది, అప్పుడు తేలిక. చేతి గోళ్లు వేలి ఆకారానికి తగ్గట్టు కొంచెం గుండ్రంగా తీయొచ్చు. కాలి గోళ్లు అలా కాదు, అడ్డంగా తిన్నగా కత్తిరించాలి, మూలలు లోపలిదాకా తవ్వకూడదు. తవ్వితే పెరిగే గోరు అంచు చర్మంలోకి గుచ్చుకుంటుంది, దానికి తోడు బిగుతు బూట్లు వేసుకుంటే నడవడమే కష్టం. నెయిల్ కట్టర్ ఎవరిది వాళ్లకి ఉంటే మంచిది. పిల్లలకి వారానికోసారి తప్పకుండా తీయండి, నులిపురుగుల గుడ్లు గోళ్ల కింద చేరి నోట్లోకి వెళ్తాయి.

షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినవాళ్లు కాలిగోళ్లు తామే తీసుకోకుండా ఇంకొకరి చేత తీయించుకోవాలి. తెగినా నొప్పి తెలియదు, అసలు ప్రమాదం అదే. రోజూ వేళ్ల మధ్య ఓసారి చూసుకోండి.

గోరు మీద తెల్లమచ్చలు కనిపిస్తే క్యాల్షియం తక్కువైందని టెన్షన్ పడకండి, ఎక్కువగా అవి ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. గోరు చెంచాలా గుంటపడితే మాత్రం రక్తపరీక్ష చేయించుకోండి, ఐరన్ తగ్గితే అలా అవుతుంది. ఒకే గోరులో కొత్తగా నల్లటి గీత వచ్చి వెడల్పవుతుంటే గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకుండా చర్మ డాక్టర్‌కి వెంటనే చూపించండి.

గోరు పసుపుపచ్చగా, మందంగా మారి పొడిపొడిగా రాలుతుంటే ఫంగస్ కావచ్చు. నెయిల్ పాలిష్‌తో కప్పేయకండి. పరీక్ష చేయించి మందు మొదలుపెట్టండి. పాడైన గోరు అలాగే బాగవ్వదు, మొదట్లోంచి మంచి గోరు వస్తూ దాన్ని ముందుకి నెడుతుంది. కాలికైతే నెలలు పడుతుంది. కింద కాస్త శుభ్రమైన గోరు కనిపించగానే చాలామంది మందు మానేస్తారు, మీరు డాక్టర్ చెప్పినన్నాళ్లూ వాడండి.