సలహా కావాలా, వింటే చాలా? ముందు అడిగేయండి

ఆడవాళ్లు ఇంతే, మగవాళ్లు అంతే అనే లెక్క ముందు పక్కన పెట్టండి. 2005లో మనస్తత్వవేత్త జానెట్ హైడ్ ఆడా మగా తేడాలపై వచ్చిన 46 మెటా విశ్లేషణలను (ఒకే విషయంపై జరిగిన చాలా అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టేవి) కలిపి చూస్తే, వాటిలోని తేడాల్లో 78 శాతం చిన్నవి, లేదా దాదాపు సున్నా. బాగా పెద్దగా తేలిన వాటిలో ఒకటి బంతి విసిరే వేగం (సంసారానికి దాంతో పనేముంది?).

కాబట్టి అవతలి మనిషి ఆఫీసు గొడవ చెబుతుంటే, ఆడైనా మగైనా సరే, వెంటనే "రిజైన్ చేసెయ్" అనకుండా "వినమంటావా, ఏదైనా చెప్పమంటావా?" అని అడిగి, ఫోన్ బోర్లా పెట్టి వినండి. "మీ ఆడాళ్లంతా..." అని మొదలెడితే అసలు విషయం గల్లంతే. ముభావంగా కూర్చుంటే మగబుద్ధి అనుకోకండి, టెన్షనో నిద్రలేమో అయ్యుండొచ్చు. కాసేపు వదిలేసి, ఎప్పుడు మాట్లాడుకోవాలో టైమ్ మాత్రం అడిగి పెట్టుకోండి.