స్టెల్లారిస్‌లో సామంతుడి నుంచి కప్పం రావట్లేదా, వసాల్ ట్రేడ్ సున్నా చూపిస్తోందా: సమస్య - పరిష్కారం

స్టెల్లారిస్ అంటే అంతరిక్షంలో సామ్రాజ్యం నడిపే పీసీ గేమ్, అందులో వసాల్ అంటే మన కింద ఉండే సామంత సామ్రాజ్యం. వాడితో ఉన్న కాంట్రాక్ట్‌లో బేసిక్ రిసోర్స్‌ల మీద 30 శాతం ట్యాక్స్ అని క్లియర్‌గా ఉంటుంది, వసాల్ బుద్ధిగానే ఉంటాడు, నెల తిరుగుతుంది, పైన బార్‌లో మాత్రం ఏమీ పెరగదు. లేదంటే వసాల్ ట్రేడ్ పంపేలా చేసే మాడ్ (గేమ్‌ని మార్చడానికి ఆటగాళ్ళు రాసే ఫైళ్ళు) వేసుకుంటారు, అది సున్నా దగ్గరే కూర్చుంటుంది. ఈ రెండు కంప్లయింట్లూ ఎన్నిసార్లు సరిచేశానో లెక్క లేదు. ప్రతిసారీ మొదట చూడాల్సింది వదిలేసి గేమ్ మొత్తం అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ దించుకుంటున్నారు, అన్ని జీబీల డేటా, ఒక సాయంత్రం మొత్తం పోతాయి, సమస్య మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే అది గేమ్ ఫోల్డర్‌లో లేదు. దయచేసి ఇది చదివాకే ఏదైనా డిలీట్ చేయండి.

ట్యాక్స్ మార్చాను, పెరగలేదు

గేమ్ పాజ్‌లో పెట్టి చూస్తున్నారా? లెక్క నెల ఒకటో తారీఖునే పడుతుంది, ఒక నెల నడవనివ్వండి. అప్పటికీ రాకపోతే వసాల్ డిప్లొమసీ స్క్రీన్‌లో అగ్రిమెంట్ తెరిచి ఇప్పుడు అమల్లో ఉన్న షరతులు చదవండి, మీరు పంపిన ప్రపోజల్ కాదు. వాడు ఒప్పుకోకపోతే పాత షరతులే నడుస్తాయి, చాలామంది ప్రపోజల్ పంపేసి పని అయిపోయిందనుకుంటారు. స్లైడర్ ట్యాక్స్ వైపు ఉందా సబ్సిడీ వైపు ఉందా అనేది కూడా చూడండి, సబ్సిడీ వైపు ఉంటే కప్పం కట్టేది మీరే.

ట్యాక్స్ వస్తోంది గానీ మరీ తక్కువ

శాతం అంటే వాడి సంపాదనలో శాతం. వాడు యుద్ధంలో సగం గ్రహాలు పోగొట్టుకుని ఉంటే మీకూ సగమే వస్తుంది. ఐరన్‌మ్యాన్ (కన్సోల్ వాడనివ్వని మోడ్) కాకపోతే దీన్ని కళ్ళారా చూడొచ్చు: వేరే సేవ్ చేసుకోండి, కన్సోల్ (కమాండ్‌లు టైప్ చేసే విండో) తెరిచి డీబగ్‌టూల్‌టిప్ (debugtooltip) అని కొట్టండి, వాడి సామ్రాజ్యం మీద మౌస్ పెడితే ఐడీ నంబర్ కనిపిస్తుంది, ప్లే (play) అని కొట్టి పక్కన ఆ నంబర్ ఇస్తే వాడి కుర్చీలో కూర్చుంటారు. వాడి పై బార్‌లో ఎన్ని ఎర్రగా ఉన్నాయో చూసి ప్లే సున్నా కొట్టి వెనక్కి రండి. ఫుడ్, ఎనర్జీ రెండూ మైనస్‌లో ఉన్నవాడి దగ్గర ట్యాక్స్ పెంచితే ఉన్న లాయల్టీ కూడా పోతుంది, తగ్గించండి, కొన్నేళ్ళు నిలదొక్కుకోనివ్వండి. ఇంకోటి, వసాల్ హైవ్ మైండ్ (జాతి మొత్తం ఒకే మెదడుగా నడిచే సామ్రాజ్యం) అయితే వాడికి కన్స్యూమర్ గూడ్స్‌తో పనే ఉండదు, వాడి నుంచి అవి రావట్లేదని వెతకడం వేస్ట్.

వసాల్ సిస్టమ్‌ల మీదుగా ట్రేడ్ రూట్ వెళ్ళట్లేదు

వెళ్ళదు, ఎందుకంటే ఇప్పుడు రూట్లే లేవు. ట్రేడ్ హబ్ రేంజ్, రాజధాని దాకా గీత, దారిలో పైరసీ, కాపలా ఓడలు, ఇదంతా 2018 డిసెంబర్‌లో 2.2 ప్యాచ్‌తో వచ్చి 3.14 దాకా నడిచిన సంగతి. 2025 మేలో వచ్చిన 4.0 ఆ మొత్తాన్ని తీసేసి ట్రేడ్‌ని మినరల్స్ లాగా పోగేసుకునే రిసోర్స్ చేసింది. మార్కెట్‌లో కొనేది దానితోనే, గ్రహాల్లో లోటు పూడ్చేదీ దానితోనే, బయట తిరిగే ఓడల ఖర్చూ అందులోంచే. పాత వీడియో చూసి 4.0లో పైరసీ వెతుకుతున్నవాళ్ళు రోజూ కనిపిస్తున్నారు, ముందు మెయిన్ మెనూలో మీ వెర్షన్ నంబర్ చూసుకోండి. వసాల్‌ని కాపాడదామని ఫ్లీట్‌ని ఏళ్ళ తరబడి వాడి సరిహద్దులో నిలబెట్టాక మీ ట్రేడ్ తగ్గిందంటే కారణం కూడా ఇదే, ఇంటికి తెచ్చి స్టార్‌బేస్‌లో డాక్ చేయండి.

అన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయి, మాడ్ గ్రీన్‌లోనే ఉంది, అయినా సున్నా

అసలు ఇది రాయడానికి కారణం ఇదే, నన్ను బాగా ఏడిపించింది కూడా ఇదే.

3.14 రోజుల్లో వసాల్ కప్పం మార్చే ఒక మాడ్ వాడేవాణ్ణి. అందులో ఒక్క అంకె, 30ని 40 చేద్దామని దాని ఫోల్డర్‌ని వర్క్‌షాప్ (స్టీమ్‌లో మాడ్‌లు దొరికే చోటు) నుంచి కాపీ చేసి, డాక్యుమెంట్స్‌లో స్టెల్లారిస్ కింద ఉండే మాడ్ ఫోల్డర్‌లో పెట్టుకున్నాను, పని చేసింది, మర్చిపోయాను. తర్వాత 4.0 వచ్చింది. మాడ్ రాసినాయన పాపం కష్టపడి మొత్తం తిరగరాసి అప్‌డేట్ ఇచ్చాడు, స్టీమ్ దాన్ని దించింది కూడా. కొత్త గేమ్ మొదలెట్టా, వసాల్ దొరికాడు, కప్పం సున్నా. మాడ్ తీసి పెట్టా, సున్నా. కొత్త ప్లేసెట్ (ఆటలో వాడే మాడ్‌ల జాబితా) చేశా, సున్నా. అన్‌సబ్‌స్క్రైబ్ చేసి మళ్ళీ సబ్‌స్క్రైబ్ చేశా, మళ్ళీ సున్నా. రెండు వారాంతాలు పోయాయి.

జరిగిందేంటంటే లాంచర్ (గేమ్ కంటే ముందు తెరుచుకునే విండో) లిస్ట్‌లో ఒకే పేరుతో రెండు మాడ్‌లు ఉన్నాయి, ఒకటి స్టీమ్‌ది, ఒకటి నేను చేసిన కాపీ, ప్లేసెట్‌లోకి నేను ప్రతిసారీ ఎక్కిస్తున్నది నా కాపీనే. స్టీమ్‌లో ఎన్నిసార్లు సబ్‌స్క్రైబ్ చేసినా డాక్యుమెంట్స్‌లో ఉన్న కాపీని అది ముట్టుకోదు. మరి ఎర్ర గుర్తు ఎందుకు రాలేదంటే, లాంచర్ ఫైల్ లోపలికి వెళ్ళి చూడదు, మాడ్ వివరాల్లో సపోర్టెడ్ వెర్షన్ అని రాసి ఉన్న నంబర్‌ని మాత్రమే చూస్తుంది. ఆ హెచ్చరిక చూడలేక ఎప్పుడో అక్కడ ఏ వెర్షన్ అయినా సరే అనే అర్థం వచ్చేలా నక్షత్రం గుర్తు (*) పెట్టింది నేనే. కాబట్టి గ్రీన్ ఉంది అంటే మాడ్ పని చేస్తోందని కాదు, ఎవరో అక్కడ నంబర్ మార్చారని మాత్రమే.

ఇంకో ముఖ్యమైన సంగతి, మాడ్‌లో గేమ్ ఫైల్ పేరుతోనే, అదే దారిలో ఒక ఫైల్ ఉంటే, గేమ్ తన ఫైల్‌ని మొత్తం పక్కన పెట్టి మాడ్ ఫైల్‌నే చదువుతుంది, తేడా ఉన్న లైన్లు మాత్రమే కాదు, మొత్తం. 3.14లో కాపీ కొట్టిన ఫైల్‌కి ట్రేడ్ అనేది పోగేసుకునే రిసోర్స్ అయిందని తెలీదు, కొత్త ప్యాచ్ అదే ఫైల్‌లో చేర్చినవన్నీ మాయమైపోతాయి. అందుకే మాడ్ ముట్టుకోని ట్యాక్స్ కూడా ఒక్కోసారి ఆగిపోతుంది, మనం గేమ్‌నే తిట్టుకుంటాం.

చూసే పద్ధతి ఇది. డాక్యుమెంట్స్, పారడాక్స్ ఇంటరాక్టివ్, స్టెల్లారిస్, మాడ్, ఈ దారిలో వెళ్ళండి. అక్కడ డాట్ మాడ్ అని ముగిసే చిన్న ఫైళ్ళు ఉంటాయి. స్టీమ్ నుంచి వచ్చినవాటి పేరు యూజీసీ (ugc) అని మొదలై పక్కన పెద్ద నంబర్ ఉంటుంది. అలా మొదలు కానిది కనిపిస్తే అది చాలావరకు మీరో, మీ పీసీ వాడిన ఇంకెవరో చేతితో పెట్టినదే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత్ అనే లైన్ చూడండి: వర్క్‌షాప్‌లో స్టెల్లారిస్ ఫోల్డర్ నంబర్ 281990, పాత్‌లో ఆ నంబర్ ఉంటే స్టీమ్‌ది, డాక్యుమెంట్స్ దారి ఉంటే లోకల్ కాపీ. లోకల్ కాపీ దొరికితే ఆ చిన్న ఫైల్‌నీ దాని ఫోల్డర్‌నీ డెస్క్‌టాప్‌కి జరపండి, డిలీట్ వద్దు, మీరు మార్చిన అంకె అందులోనే ఉంది. లాంచర్ మూసి తెరవండి, పేరు ఒక్కటే కనిపించాలి, దాన్ని కొత్త ప్లేసెట్‌లో ఎక్కించి కొత్త గేమ్‌లో చూడండి, పాత సేవ్‌లో కాదు. 3.14 సేవ్‌ని 4.0లో తెరిచి వసాల్ లెక్కలు టెస్ట్ చేస్తే వచ్చే అంకెలకి అర్థం ఉండదు. ఆ పాత ఆట పూర్తి చేయాలనే ఉంటే స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్, బీటాస్‌కి వెళ్ళి 3.14 ఎంచుకుని అక్కడే ఆడుకోండి.

ఇంకా అనుమానం ఉంటే అదే స్టెల్లారిస్ ఫోల్డర్‌లో లాగ్స్ లోపల ఎర్రర్ లాగ్ ఉంటుంది. గేమ్ మెయిన్ మెనూ దాకా వచ్చాక తెరిచి అగ్రిమెంట్ అనే మాట వెతకండి, ఏ ఫైల్, ఎన్నో లైన్ అనేది అక్కడే రాసి ఉంటుంది. నేను ముందే ఇది తెరిచి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

మిగతావి

ఓవర్‌లార్డ్ డీఎల్‌సీ (విడిగా కొనుక్కునే అదనపు భాగం) లేకపోతే బుల్‌వార్క్, ప్రాస్పెక్టోరియం, స్కాలేరియం అనే ప్రత్యేక వసాల్ రకాలు కనిపించవు, అది బగ్ కాదు. స్నేహితులతో ఆడేటప్పుడు లాబీలోకి రానివ్వకపోతే చెక్‌సమ్ (అందరి గేమ్ ఫైళ్ళూ ఒకటేనా అని పోల్చే కోడ్) కలవలేదని అర్థం, అప్పుడూ ముందు లోకల్ కాపీలే వెతకండి. సేవ్ ఫైల్ పాడవడం చాలా అరుదు, వెనకటి ఆటోసేవ్ తెరిచి చూస్తే తేలిపోతుంది.

ఇవన్నీ చేసినా రాకపోతే మాడ్‌లన్నీ తీసేసి ఖాళీ ప్లేసెట్‌తో ఒక ఆట మొదలెట్టి ఒక వసాల్‌ని చేసుకుని రెండు నెలలు నడపండి. అక్కడ కప్పం వస్తే మాడ్‌లని సగం సగం చేర్చుకుంటూ రండి, ఏ సగం చేర్చాక కప్పం ఆగితే సమస్య ఆ సగంలోనే ఉంది.